క్లస్టర్ తలనొప్పి మందులు: ఏది నిమిషాల్లో, ఏది వారాల్లో పనిచేస్తుంది

మీ ప్రశ్న సారాంశం ఇదీ. తమ్ముడికి 36 ఏళ్లు, రోజుకి పది సిగరెట్ల దాకా కాలుస్తాడు. మూడేళ్లుగా చలికాలం మొదట్లో ఐదారు వారాల పాటు, రాత్రి ఒంటిగంట రెండు మధ్య కుడి కంటి వెనక భరించలేని నొప్పి లేస్తోంది. గంటసేపు ఉండి పోతుంది. ఆ కన్ను ఎర్రబడి నీళ్లు కారతాయి, ఆ పక్క ముక్కు మూసుకుపోతుంది, పడుకోలేక ఇల్లంతా తిరుగుతాడు. సైనస్ అన్నారు, మైగ్రేన్ అన్నారు, ఒక పన్ను కూడా పీకించారు. ఇప్పుడు ఎంఆర్ఐ తీసి, బాగానే ఉందని చూసి, న్యూరాలజిస్ట్ క్లస్టర్ తలనొప్పి అని తేల్చారు. ఆక్సిజన్, నేసల్ స్ప్రే, ప్రెడ్నిసొలోన్, వెరాపమిల్ రాశారు. ఏడాదిలో ఐదారు వారాలు వచ్చే నొప్పికి ఇన్ని మందులెందుకు, మంచి నొప్పి మాత్ర ఒకటి చాలదా అని మీ సందేహం.

జవాబు కంటే ముందు ఒక మాట. చివర్లో ఎక్కడో రాశారు, మైగ్రేన్ అనుకున్నప్పటి ప్రొప్రనొలాల్ 40 పాత చీటీ ప్రకారం ఇంకా వేసుకుంటున్నాడని. వెరాపమిల్ మొదలుపెట్టకుండా ఆపి, ఈ సంగతి న్యూరాలజిస్ట్‌కి ఇవాళే చెప్పండి. రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే, పై గది నుంచి కింది గదికి వెళ్లే కరెంటుని నెమ్మది చేసేవే. కలిస్తే నాడి 40కి పడిపోవచ్చు, బీపీ జారిపోవచ్చు, హార్ట్ బ్లాక్, అంటే ఆ కరెంటు మధ్యలోనే ఆగిపోవడం, రావచ్చు. అలాగని ప్రొప్రనొలాల్‌ని మీరే ఒక్కసారిగా మాన్పించకండి. దాన్ని మెల్లగా దించాలి, ఎలా దించాలో డాక్టరే చెప్పాలి. క్లస్టర్ ఉన్నవాళ్లలో చాలామందికి ముందు మైగ్రేన్ మందులు పడి ఉంటాయి కాబట్టి ఈ జంట అనుకోకుండా కుదిరిపోతూ ఉంటుంది. కొత్త డాక్టర్‌కి పాత చీటీలన్నీ చూపించమనేది ఇందుకే.

ఇక నొప్పి మాత్ర సంగతి. ఈ నొప్పి ఐదు పది నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది, 15 నిమిషాల నుంచి మూడు గంటల్లోపు దానంతట అదే దిగిపోతుంది. పారాసిటమాల్, డైక్లోఫినాక్ లాంటివి కడుపులో కరిగి రక్తంలోకి వచ్చి పనిచేసేసరికి ముప్పావు గంట, గంట పడుతుంది. అప్పటికి నొప్పి వెళ్లిపోయే వేళే అవుతుంది. మాత్ర పనిచేసిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, మర్నాడు రెండు వేస్తారు. నిజానికి నొప్పి తన టైముకి తను పోయింది. ట్రమడాల్ కూడా ఇంతే, పైగా అలవాటు పడే ప్రమాదం ఒకటి. క్లస్టర్ వైద్యంలో మందు ఎంత గట్టిదన్నది కాదు, ఎంత వేగంగా అందుతుందన్నదే లెక్క. చీటీలో మూడు రకాలుండటానికి కారణం అదే. లేచిన నొప్పిని నిమిషాల్లో దించేవి ఆక్సిజన్, స్ప్రే. రెండు మూడు రోజుల్లో రాత్రులను కాస్త నెమ్మదిపరిచేది ప్రెడ్నిసొలోన్. రెండు మూడు వారాలకు పట్టు దొరికి సీజన్ అంతా కాపాడేది వెరాపమిల్. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

ఆక్సిజన్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అన్నిటికంటే సురక్షితమైనది అదే, మన దగ్గర అన్నిటికంటే తప్పుగా వాడేదీ అదే. 2009లో అచ్చయిన ఒక ట్రయల్‌లో నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు ఆక్సిజన్ ఇస్తే 78 శాతం సార్లు నొప్పి దిగింది, మామూలు గాలి ఇస్తే 20 శాతం సార్లే. ఇందులో అసలు కీలకం ఆ 12 లీటర్లు. క్యాజువాలిటీకి తీసుకెళ్తే ముక్కులో సన్న గొట్టం పెట్టి రెండు మూడు లీటర్లు పెడతారు, నొప్పి కదలదు, "ఆక్సిజన్ చూశాం, పనిచేయలేదు" అని కేసు షీట్‌లో రాసేస్తారు. అది ఆక్సిజన్ చూసినట్టు కాదు.

కోవిడ్ నాటి కాన్సెంట్రేటర్ ఇంట్లో ఉందన్నారు. 5 లీటర్ల మెషీన్ దీనికి చాలదు, 10 లీటర్లదీ అంతంతమాత్రమే. సిలిండరే కావాలి. మెడికల్ ఆక్సిజన్ సప్లయర్ దగ్గర చీటీ చూపిస్తే అద్దెకిస్తారు. బి-టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లుంటాయి. నిమిషానికి 12 చొప్పున 15 నిమిషాలంటే ఒక్కో నొప్పికి 180 లీటర్లు, అంటే ఎనిమిది సార్లు. 15 లీటర్లు, 20 నిమిషాలు కావలసి వస్తే ఒక్కోసారికి 300, ఐదు సార్లకే ఖాళీ. రోజుకి రెండుసార్లు వచ్చే మనిషికి బి-టైప్ మూడు నాలుగు రోజులే వస్తుంది. 7,000 లీటర్ల జంబో, అదే డి-టైప్, తెచ్చి మంచం దగ్గర పెట్టుకుంటే 38 సార్ల దాకా వస్తుంది, కాని దాన్ని పై అంతస్తుకి మోయడం ఇద్దరు మనుషుల పని.

బి-టైప్‌లో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క. సిలిండర్ లోపలి ఖాళీ పది లీటర్లు, కాబట్టి గేజ్ మీద ముల్లు బార్‌లలో చూపించే అంకెని పదితో గుణించండి. 150 దగ్గరుంటే 1,500 లీటర్లు. 50 దగ్గరుంటే 500, అంటే ఇంకో రెండు నొప్పులకు సరిపడా, కాస్త మిగులు. అక్కడికి రాగానే మార్చే సిలిండర్‌కి ఫోన్ చేయాలి. రాత్రి రెండింటికి సప్లయర్ దొరకడు.

ఫ్లోమీటర్ 15 దాకా ఉన్నదే అడగండి. మాస్క్ కింద సంచి వేలాడే రకం కావాలి, షాపులో ఎన్ఆర్‌బీఎం మాస్క్ అంటే ఇస్తారు. సంచి లేని మామూలు మాస్క్‌తో బయటి గాలి కలిసిపోతుంది. ఇప్పుడు వాడే తీరు. నొప్పి మొదలవుతోందని తెలియగానే, పెరిగేదాకా ఆగకుండా, సిలిండర్ తెరిచి 12 మీద పెట్టాలి. మాస్క్ లోపల సంచికి దారి దగ్గరున్న వాల్వ్‌ని బొటనవేలితో మూస్తే సంచి ఉబ్బుతుంది. ఉబ్బాకే ముఖానికి పెట్టాలి. ముక్కు మీది లోహపు పట్టీని నొక్కి, పక్కల్నుంచి గాలి పోకుండా పట్టుకోవాలి. పడుకోకూడదు, కుర్చీలో కూర్చుని కాస్త ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి లోతుగా పీల్చాలి. పీల్చిన ప్రతిసారీ సంచి పూర్తిగా నలిగిపోతుంటే ఫ్లో చాలడం లేదని అర్థం, 15కి పెంచండి. నొప్పి పూర్తిగా పోయాక కూడా ఇంకో ఐదు నిమిషాలు పీల్చడం మంచిది. తగ్గగానే తీసేస్తే అరగంటలో తిరిగి లేచే వాళ్లు కొందరుంటారు. 20 నిమిషాలకీ ఏమీ మారకపోతే ఆపి స్ప్రేకి వెళ్లాలి.

మీ తమ్ముడి విషయంలో నా అసలు భయం సిగరెట్. సిలిండర్ ఉన్న గదిలో సిగరెట్, అగరొత్తి, దీపం, దోమల చుట్ట, గ్యాస్ పొయ్యి ఏదీ వెలగకూడదు. ఆక్సిజన్ తాగిన బట్ట, దుప్పటి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటాయి. మాస్క్ తీశాక కూడా కొంతసేపు బట్టల్లో అది ఉంటుంది, వెంటనే బాల్కనీలోకి వెళ్లి వెలిగించడం ప్రమాదమే. రెగ్యులేటర్ బిగించేటప్పుడు చేతులకు నూనె, వాజెలిన్ ఉండకూడదు, బిగుతుగా ఉందని మరకి నూనె అసలు రాయకూడదు. సిలిండర్‌ని నిలబెట్టి, గొలుసుతో గోడకో మంచానికో కట్టండి. సిలిండర్‌ని తిప్పి తెరిచే తాళంచెవిని సిలిండర్‌కే దారంతో వేలాడదీయండి, నొప్పిలో వెతుక్కునే ఓపిక ఉండదు. వెల్డింగ్ షాపు సిలిండర్ చవకని తెచ్చుకోవద్దు. మెడికల్ సిలిండర్ ఒళ్లు నలుపు, భుజం తెలుపు ఉంటుంది. తమ్ముడికి ఊపిరితిత్తుల జబ్బు, అంటే సీఓపీడీ లాంటిది ఉంటే ఈ ఫ్లో వాడకముందు డాక్టర్‌ని అడగాలి.

ఆక్సిజన్ పక్కన లేని చోటికి, ఆఫీసుకి, ప్రయాణానికి ట్రిప్టాన్ మందులు. వీటిలో అన్నిటికంటే వేగం సుమట్రిప్టాన్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, తొడ పక్కనో జబ్బకో చర్మం కింద వేసుకునేది. నలుగురిలో ముగ్గురికి 15 నిమిషాల్లో నొప్పి దిగుతుంది. 24 గంటల్లో రెండుకి మించకూడదు, మధ్య కనీసం గంట ఉండాలి. ప్రతి మెడికల్ షాపులో దొరకదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. మీకు రాసింది జోల్మిట్రిప్టాన్ 5 మిల్లీగ్రాముల స్ప్రే. ఇది అరగంట తీసుకుంటుంది, కాని సూది భయం లేదు. నొప్పి ఉన్న పక్క ముక్కు మూసుకుపోయి ఉంటుంది కదా, అందుకని రెండో పక్క రంధ్రంలో కొట్టాలి. తల వెనక్కి వంచి గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి దిగిపోతుంది, అది మళ్లీ మాత్ర మింగినట్టే. తల నిటారుగా ఉంచి మెల్లగా పీల్చమనండి. రెండో స్ప్రే కావాలంటే రెండు గంటలు ఆగాలి, రోజుకి 10 మిల్లీగ్రాములు హద్దు. ఇవే ట్రిప్టాన్లు మాత్రల రూపంలో కూడా ఉన్నాయి, క్లస్టర్‌కి వాటితో పెద్ద ప్రయోజనం లేదు.

ట్రిప్టాన్ వేశాక మెడ, ఛాతీ కాసేపు బిగిసినట్టు, ఒళ్లు వేడెక్కినట్టు అనిపించడం మామూలే, కొన్ని నిమిషాల్లో పోతుంది. కాని ఇవి రక్తనాళాలను ముడిచే మందులు. గుండెపోటు, స్టెంట్, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. సిగరెట్ కాల్చేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ముందు ఈసీజీ చూసి, మొదటి డోసు డాక్టర్ ఎదుట వేయడం క్షేమం. చెమటలు పట్టి, ఎడమ చేతిలోకి పాకే ఛాతీనొప్పి తగ్గకపోతే అది "మందు వేడి" కాదు, 108 పిలవాలి.

ఇక్కడే ఇంకో తిరకాసు. మన మెడికల్ షాపుల్లో ఒంటి తలనొప్పి అనగానే ఎర్గోటమిన్, కెఫీన్, పారాసిటమాల్ కలిసిన మాత్ర చేతిలో పెడతారు. అది వేసుకున్న 24 గంటల్లోపు ట్రిప్టాన్ తీసుకోకూడదు. అదే ఎర్గోటమిన్ వేసుకుంటూ గొంతునొప్పికి క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ తీసుకుంటే కాళ్లు చేతుల రక్తనాళాలు మూసుకుపోయి వేళ్లు నల్లబడిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇంట్లో అలాంటి పట్టీలుంటే తీసి పారేయండి.

ప్రెడ్నిసొలోన్ వంతెన లాంటిది. వెరాపమిల్ అందుకునేదాకా నడిపిస్తుంది, అంతే. బాగా పరీక్షించిన పద్ధతి రోజుకి 100 మిల్లీగ్రాములు ఐదు రోజులు, తర్వాత మూడేసి రోజులకు 20 చొప్పున తగ్గింపు: 80, 60, 40, 20. మొత్తం 17 రోజులు, 20 మిల్లీగ్రాముల మాత్రలైతే 55. మీ చీటీలో 60తో మొదలైతే కంగారు పడకండి, అలా రాసేవాళ్లూ ఉన్నారు. పొద్దున టిఫిన్ తిన్నాక రోజు డోసంతా ఒకేసారి వేసుకోవాలి, సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. ముందు షుగర్, బీపీ చూపించుకోవాలి, ఎప్పుడైనా టీబీ వచ్చి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా డాక్టర్‌కి చెప్పాలి. షుగర్ లేదనుకున్నవాళ్లలో కూడా ఈ డోసుకి 300 దాటడం చూస్తాం. దాహం, పదే పదే మూత్రం మొదలైతే ఆ రోజే పరీక్ష చేయించండి.

డోసు 40 దగ్గరికి దిగేసరికి చాలామందికి నొప్పి మళ్లీ తొంగిచూస్తుంది. అప్పుడు జరిగే పెద్ద తప్పు, పాత చీటీతో ఇంకో కోర్సు కొనేయడం. "అదొక్కటే పనిచేసింది సార్" అని సీజన్‌కి మూడు నాలుగు కోర్సులు మింగుతారు. తుంటి ఎముక తలకి రక్తం ఆగి అరిగిపోవడం, ఎముకలు గుల్లబారడం, కంటి శుక్లాలు ఇలా వచ్చేవే. తగ్గింపులో నొప్పి తిరిగి వచ్చిందంటే చూడాల్సింది వెరాపమిల్ డోసు చాలుతోందా అని. స్టెరాయిడ్ మాత్రలే పడని మనిషికి తల వెనక, నొప్పి ఉన్న పక్క ఆక్సిపిటల్ నరం దగ్గర స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఒక ఇంజెక్షన్ చేస్తారు. కొన్ని వారాల పాటు ఉపశమనం ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రల కంటే ఇదే నయమని నా అభిప్రాయం, అయినా రెండు మూడు రోజులు షుగర్ పెరగడం మాత్రం దీంతోనూ ఉంటుంది.

వెరాపమిల్. బీపీ మాత్ర కదా, బీపీ లేదు కదా, ఎందుకు అని షాపులో కూడా అడుగుతారు. క్లస్టర్ సీజన్‌ని ఆపడానికి మొదటి మందు ఇదే, డోసు కూడా బీపీకి వాడేదానికంటే చాలా ఎక్కువ. ముందు ఈసీజీ. అది బాగుంటే 80 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, మొత్తం 240. నొప్పులు ఆగకపోతే రెండు వారాలకోసారి 80 పెంచుతారు, పెంచిన పది రోజులకి మళ్లీ ఈసీజీ. చాలామందికి 360, 480 దగ్గర దారి దొరుకుతుంది, కొందరికి ఇంకా పైకి, 960 దాకా కూడా పోవాల్సి వస్తుంది. ఈసీజీ తతంగం దండగని మానకండి. ఈ మందు మీదున్నవాళ్లని వరసగా పరీక్షించినప్పుడు దాదాపు ఐదుగురిలో ఒకరికి గుండె లయలో తేడా కనిపించింది, వాళ్లలో కొందరికి ఏ బాధా లేదు. ఈసీజీ కాగితం మీద పీఆర్ అని ఉండే అంకె 200 దాటిందేమో మీరే చూసుకోవచ్చు, దాటితే పెంచకుండా డాక్టర్‌కి చూపించండి.

షాపులో 80 లేదని 240 ఎస్ఆర్ ఇవ్వబోతారు. ఎస్ఆర్ అంటే మెల్లగా విడుదలయ్యేది, రెండూ ఒకటి కాదు. క్లస్టర్‌లో మామూలు 80 మాత్రలకే ఎక్కువమంది నిపుణుల మొగ్గు, పెంచడం తగ్గించడం కూడా సులువు. అడగకుండా మార్చుకోవద్దు. మలబద్ధకం దాదాపు ఖాయం, మొదటి రోజు నుంచే రాత్రి ఇసబ్‌గోల్, నీళ్లు ఎక్కువ. పాదాల వాపు, చిగుళ్లు ఉబ్బడం కొందరికి. నాడి 50 కంటే తగ్గినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా ఆ పూట డోసు ఆపి ఫోన్ చేయండి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్‌తో దీనికీ పడదు. ఇంకొకటి ఎవరూ చెప్పరు. తామరకని చర్మం డాక్టర్లు రాసే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ వెరాపమిల్‌ని రక్తంలో పేరుకునేలా చేస్తాయి, గుండె బలాన్నీ తగ్గిస్తాయి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వేసుకుంటుంటే అదీ చెప్పాలి.

వెరాపమిల్ పడకపోతే లిథియం ఉంది. దానికి రక్తంలో మోతాదు, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు తప్పవు. మన ఎండాకాలంలో చెమటకి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినా, పక్కన డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వేసినా లిథియం విషస్థాయికి చేరుతుంది. చేతుల వణుకు, వాంతులు, తూలడం దాని గుర్తులు. టోపిరమేట్ మూడో వరసలోది, కిడ్నీలో రాళ్లొచ్చే మనిషికి వద్దు. రాత్రి మెలటోనిన్ 10 మిల్లీగ్రాములు కొందరికి తోడుగా పనికొస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు నెలకోసారి 300 మిల్లీగ్రాముల గల్కనెజుమాబ్ ఇంజెక్షన్ గురించి చెబుతుంటారు. సీజన్లుగా వచ్చే క్లస్టర్‌కి అక్కడ 2019లో అనుమతి వచ్చింది, యూరప్‌లో మాత్రం దీనికి ఒప్పుకోలేదు.

నొప్పి తీరు మారితే రోగ నిర్ణయాన్నే మళ్లీ చూడాలి. ఒక్కో నొప్పి రెండు నిమిషాల నుంచి అరగంటే ఉండి, రోజుకి ఐదు కంటే ఎక్కువ సార్లు వస్తుంటే అది పరాక్సిస్మల్ హెమిక్రేనియా కావచ్చు. దానికి ఇండోమెథాసిన్ ఒక్కటే తాళంచెవి, వెరాపమిల్ ఎంత పెంచినా కష్టమే. కన్ను ఎర్రబడి చూపు మసకబారి, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే గ్లకోమా, అప్పుడు కంటి ఆసుపత్రికే పరుగెత్తాలి. ఒక్క నిమిషంలోపే జీవితంలో ఎన్నడూ ఎరగని తలనొప్పి పిడుగులా పడి, మెడ బిగిసినా, వాంతి అయినా, మాట తడబడినా, స్పృహ తప్పినా అది మెదడులో రక్తస్రావం అనుకునే నడవాలి. ఆ పరిస్థితిలో ఆస్ప్రిన్ వద్దు, ట్రిప్టాన్ అసలే వద్దు. 108 పిలిచి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదటి ఆరు గంటల్లో తీసిన సీటీ దాదాపు ఏ రక్తస్రావాన్నీ వదలదు, ఆలస్యమయ్యే కొద్దీ ఆ నమ్మకం తగ్గుతుంది. క్లస్టర్ ఉన్న మనిషికి ఇది రాకూడదని ఎక్కడా లేదు.

సీజన్ నడిచినన్నాళ్లు మద్యం, కల్లు, బీరు ఏదీ ముట్టకూడదు, ఒక్క గ్లాసుకే గంటలోపు నొప్పి లేస్తుంది. సీజన్ లేనప్పుడు అదే మనిషికి ఏమీ కాదు, అందుకే చాలామంది నమ్మరు. మధ్యాహ్నం నిద్ర, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, సిల్డెనఫిల్ కూడా రేపుతాయి. నొప్పి లేచినప్పుడు పట్టుకుని పడుకోబెట్టాలని చూడకండి, తిరగనివ్వండి. గోడకి తల కొట్టుకుంటుంటే మధ్యలో దిండు పెట్టండి. "చచ్చిపోతే బాగుండు" అనే మాట ఈ నొప్పిలో చాలామంది నోట వస్తుంది. నొప్పి లేనప్పుడు కూడా అంటుంటే తేలిగ్గా తీసుకోకుండా డాక్టర్‌కి చెప్పండి, టెలీ మానస్ 14416 రాత్రి కూడా పలుకుతుంది.

రోజూ ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాయండి: లేచిన టైము, పోయిన టైము, ఏం వాడారు, ఎన్ని నిమిషాలకు దిగింది. వెరాపమిల్ పెంచాలా వద్దా అన్నది ఆ కాగితాన్ని బట్టే తేలుతుంది. నొప్పులు పూర్తిగా ఆగి రెండు వారాలు దాటాక, డాక్టర్ చెప్పిన మెట్ల ప్రకారం వెరాపమిల్ దించుతారు, ఒక్కసారిగా మానకూడదు. సిలిండర్ తిరిగిచ్చేయండి, మాస్క్, సప్లయర్ నంబరు, చివరి ఈసీజీ, పనిచేసిన డోసు రాసిన చీటీ ఒక కవర్లో పెట్టి ఉంచండి. స్ప్రే మీద ఎక్స్‌పైరీ తేదీ చూసి పెట్టండి. వచ్చే ఏడు మొదటి నొప్పి లేచిన మర్నాడే ఆ కవర్‌తో వెళ్తే, సీజన్‌లో రెండు వారాల బాధ తప్పుతుంది.